తెరమీది ఊరు, నేలమీది ఊరు: ఉత్తరాంధ్రలో పాత సినిమా చిత్రీకరణ స్థలాల అన్వేషణ

పాత సినిమాలో కనిపించే వీధి, రేవు, మేడ, చెట్టు నిజానికి ఎక్కడివో, ఇప్పుడు ఆ చోట ఏముందో ఆధారాలతో తేల్చే పనే చిత్రీకరణ స్థలాల అన్వేషణ. అమెరికాలో జాన్ బెంగ్ట్‌సన్ దీన్ని దాదాపు ఒక శాస్త్రంగా నడిపారు. బస్టర్ కీటన్ మూకీ చిత్రాలలోని వీధులను పాత నగర పటాలతో, విమానం నుంచి తీసిన ఫోటోలతో, అగ్నిప్రమాద బీమా కోసం గీసిన ఇంటింటి నక్షాలతో పోల్చి చూసి, 2000లో ‘సైలెంట్ ఎకోస్’ అనే పుస్తకం ప్రచురించారు. తెలుగు సినిమాకు, అందులోనూ విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతానికి ఇదే పద్ధతిని యథాతథంగా అన్వయిస్తే మొదటి అడుగులోనే తడబాటు తప్పదు. లాస్ ఏంజెలెస్ వీధుల్లో కీటన్ కెమెరా నిజంగానే నిలబడింది. విజయనగరం పేరు చెప్పిన పాత సినిమాలో కెమెరా విజయనగరంలో నిలబడిందన్న హామీ ఏదీ లేదు. ఉత్తరాంధ్ర తెలుగు తెరకు కథలు ఇచ్చింది, గొంతులు ఇచ్చింది, సంగీతం ఇచ్చింది. తన నేలను మాత్రం చాలా ఆలస్యంగా, చాలా కొద్దిగా చూపించుకుంది. అందువల్ల ఇక్కడ అన్వేషణ కథలోని ఊరితో మొదలుకాకూడదు. ఫ్రేములో కనిపించే నేలతో మొదలై, ఆ తరువాతే ఊరి పేరు దాకా రావాలి.

ఇందుకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ‘కన్యాశుల్కం’. గురజాడ అప్పారావు నాటకం 1892లో విజయనగరంలోనే మొదటిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెరిగి కొత్త రూపంలో వచ్చింది. నాటకం తెర లేచేదే బొంకులదిబ్బ మీద. ఆ దిబ్బ కల్పితం కాదు. విజయనగరం కోట దగ్గర ఈనాటికీ ఆ పేరుతోనే ఉన్న చోటు. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వినోదా వారు ఈ నాటకాన్ని సినిమాగా తీశారు. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, సి.ఎస్.ఆర్. రామప్పపంతులు. పాత్రలు, గొడవలు చాలావరకు విజయనగరానివి, ఈ చుట్టుపక్కల అగ్రహారాలవే. అయినా ఆ సినిమా మద్రాసు స్టూడియో ఫ్లోర్ల మీద పుట్టిన సినిమా. మధురవాణి ఇల్లు విజయనగరంలో ఏ వీధిలో తీశారని ఎవరైనా వెతుకుతూ బయలుదేరితే, ఎంత తిరిగినా దొరకదు. ఆ ఇల్లు కలప, గుడ్డ, ప్లాస్టరుతో మద్రాసులో లేచి, షూటింగు అయ్యాక అక్కడే విప్పేసిన ఇల్లు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వస్తుంది. నాటకంలో ప్రతి సందూ విజయనగరానిదే అయినప్పుడు, సెట్ వేసినవారు ఆ ఊరిని చూసో, ఫోటోలు తెప్పించుకునో వేసి ఉంటారు కదా, అప్పుడు ఆ సెట్ కూడా ఊరికి ఒక సాక్ష్యమే కదా అని. ఇందులో సగం నిజం ఉంది. సెట్ సాక్ష్యమే, అయితే 1890ల నాటి విజయనగరానికి గాని, 1955 నాటి విజయనగరానికి గాని కాదు. పాతకాలపు ఆంధ్ర అగ్రహారం ఇలా ఉండాలని ఆనాటి మద్రాసు సినీరంగం ఊహించుకున్న తీరుకు అది సాక్ష్యం. ఆ ఊహకు చరిత్రలో విలువ ఉంది. దాన్ని ఊరి ఫోటోగా వాడుకుంటే మాత్రం తప్పుదారి పడతాం. నిజానికి ఆ సినిమాలో విజయనగరం వినిపించినంతగా కనిపించదు. సంగీతం ఇచ్చిన ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు. ఊరి అసలు ముద్ర పడింది సౌండ్‌ట్రాక్ మీద.

కెమెరా ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు కళలో కన్నా ఖర్చులో దొరుకుతుంది. మద్రాసు నుంచి విజయనగరం రైలుదారిలో ఎనిమిది వందల కిలోమీటర్లకు పైమాట. 1950లలో ఔట్‌డోర్ అంటే బరువైన కెమెరా, రిఫ్లెక్టర్లు, జనరేటరు, నటులకు బస, భోజనాలు, వాన పడితే దండగయ్యే కాల్షీట్లు. అదే ఫ్లోరులో అయితే వెలుతురు, ధ్వని, కాలం అన్నీ నిర్మాత చేతిలో ఉంటాయి. ఇలా అంటే, స్థలానికి వెళ్ళి తీయడం ఆ రోజుల్లో అసాధ్యమని అర్థం కాదు. ‘కన్యాశుల్కం’ విడుదలైన 1955 ఆగస్టులోనే కలకత్తాలో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ విడుదలైంది. కలకత్తా పక్కనే ఉన్న బొరాల్ గ్రామం అందులో నిజమైన గ్రామంగానే నిలిచింది. కాని అది డబ్బు అందినప్పుడల్లా కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి తీసిన సినిమా. తారల కాల్షీట్ల మీద నడిచే మద్రాసు పరిశ్రమకు ఆ ఓపిక ఉండే వీలు లేదు. తెలుగు కెమెరా ఊళ్ళోకి దిగడం 1960లలో గోదావరి తీరం నుంచి గట్టిగా మొదలైంది. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ (1964)ను ఆ నది ఒడ్డునే తీశారు. బాపు తన మొదటి చిత్రం ‘సాక్షి’ (1967)ని పులిదిండి గ్రామంలో తీశారు. రైలుదారిలో గోదావరి దాటి ఇంకా పైకి, విశాఖ తీరానికి, ఏజెన్సీ అడవికి సినిమావాళ్ళు చెప్పుకోదగ్గ స్థాయిలో చేరింది 1970లలో. ఈ వరుస చూస్తే, 1970కి ముందు వచ్చిన సినిమాలో ఉత్తరాంధ్ర కథ ఉంటే అది సెట్టేనని ముందుగా అనుకుని, కాదని ఆధారం దొరికినప్పుడే ఆ అభిప్రాయం మార్చుకోవడం మంచిది.

అలాంటప్పుడు ఆ కాలపు కనుమరుగైన స్థలాలను వెతకాల్సింది చెన్నైలో. అక్కడ పరిస్థితి ఇంకా విచిత్రం. వడపళనిలో విజయా-వాహినీ స్టూడియో ఆవరణలో ఇప్పుడు ఆసుపత్రి, 2013లో తెరిచిన పెద్ద మాల్ ఉన్నాయి. జెమినీ స్టూడియో ఉన్న చోట నక్షత్రాల హోటల్ నిలిచింది. ఎన్నో తెలుగు పల్లెలు, కోటలు, అంతఃపురాలు, స్వర్గలోకాలు ఒకదాని తరువాత ఒకటి లేచి పడిపోయిన నేల మీద ఈనాడు పార్కింగు టికెట్టు ఇస్తున్నారు. ఉత్తరాంధ్రకు సొంత స్టూడియో అసలు లేదనీ కాదు. 1930లలోనే విశాఖపట్నంలో ఆంధ్ర సినీటోన్ వెలిసింది, 1938లో ‘భక్త జయదేవ’ తీసింది, ఆ పైన నిలదొక్కుకోలేకపోయింది. అది నిలిచి ఉంటే పైన చెప్పిన ఎనిమిది వందల కిలోమీటర్ల లెక్క తిరగబడేది. విజయనగరం కోట బురుజులు, పెద్ద చెరువు గట్టు నలుపు తెలుపుల్లో మనకు దండిగా మిగిలేవని అనుకోవడం అత్యాశ కాదు.

చారిత్రక చిత్రాల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. సి. సీతారాం దర్శకత్వంలో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ 1964 నాటిది. అసలు యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు, మంటలకు బొబ్బిలి కోట ఆనాడే నాశనమైంది. తెరమీద కనిపించే కోటకు, బొబ్బిలిలో ఇప్పుడున్న కోటకు పోలికలు వెతికేవారు మూడు వేర్వేరు కట్టడాలను ఒకటిగా కలిపేస్తున్నారు: కాలిపోయిన పాత కోట, ఆ తరువాత సంస్థానం వారు కట్టుకున్న కొత్త కోట, సినిమావాళ్ళ కోట. మొదటిది ఎలా ఉండేదో మూడోదాన్ని చూసి చెప్పడం కుదరని పని.

కథాస్థలం, చిత్రీకరణ స్థలం కలిసిన సందర్భాలు వచ్చేసరికి అన్వేషణ స్వరూపమే మారిపోతుంది. 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ అలాంటిది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమైన దీన్ని ఎక్కువగా చింతపల్లి అడవుల్లోనే తీశారు. 1922 ఆగస్టులో సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు ఠాణాలలో చింతపల్లి ఒకటి. నిర్మాణం నడుస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు మరణించడంతో మిగిలిన భాగాన్ని ఇతరులు పూర్తిచేశారు. అందులో సినిమా కోసం వేసిన గుడిసెలు ఎప్పుడో పోయి ఉంటాయి గాని, వాటి వెనక ఉన్న కొండల వరుస పోదు. లాంగ్ షాట్‌లో ఆకాశాన్ని కోసే ఆ గీతే వెతికేవారికి మొదటి ఆధారం. చెట్లు పెరుగుతాయి, ఇళ్ళు కూలుతాయి, రోడ్లు దారి మార్చుకుంటాయి. తూర్పు కనుమల అంచు మాత్రం యాభై ఏళ్ళలో మారదు. క్వారీ పడిన కొండలు మాత్రం దీనికి మినహాయింపు. అవి ఈ జిల్లాల్లో తక్కువేమీ కావు.

తీరం వైపు వస్తే ‘మరోచరిత్ర’ (1978) ఉంది. కె. బాలచందర్ దీన్ని విశాఖపట్నం, భీమునిపట్నం పరిసరాలలో తీశారు. కమల్‌హాసన్, సరిత తిరిగిన ఆ తీరాన్ని వెతుక్కుంటూ నేటికీ భీమిలి వచ్చేవారున్నారు. నలుపు తెలుపు చిత్రం కావడం వల్ల అన్వేషకుడికి ఒక పెద్ద సాధనం చేజారింది. విశాఖకు, భీమిలికి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు రంగుల చిత్రంలో ఒక్క చూపులో పట్టుబడతాయి. నలుపు తెలుపులో ఏ ఇసుక గుట్టకూ వాటికీ తేడా తెలియదు. అయితే మరో సాధనం మిగిలింది, అది సూర్యుడు. ఈ తీరంలో సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. పొద్దు నీళ్ళలోంచి పొడుస్తుంది, నేల మీదికి వాలుతుంది. తెరమీద సముద్రంలో సూర్యాస్తమయం కనిపిస్తే రెండే వివరణలు: ఉదయం తీసి సాయంత్రమని చూపించారు, లేదా అది పడమటి తీరం. ఇదే కథను బాలచందర్ 1981లో హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీసినప్పుడు గోవాకు తరలించారు. రెండు సినిమాలలో నీడలు ఎటు పడ్డాయో పోల్చి చూస్తే తీరం మారిందని పేర్లు చదవకుండానే చెప్పొచ్చు. ఈ పరీక్ష పాత సినిమాలకే పరిమితం కాదు. 2025లో వచ్చిన ‘తండేల్’ శ్రీకాకుళం మత్స్యకారుల కథ. దాని చిత్రీకరణ మొదలైంది మాత్రం కర్ణాటకలోని ఉడుపి రేవులో. డెబ్బై ఏళ్ళ తరువాత కూడా ‘కన్యాశుల్కం’ నాటి చిక్కు ఈ ప్రాంతాన్ని వదల్లేదన్నమాట.

ఇళ్ళు, చెట్లు, బోర్డులు రెండో వరస ఆధారాలు. గోడకు గోడ కలిపి, వీధి పొడవునా ఒకే వరుసలో సాగే పెంకుటిళ్ళు, వాటి ముందు పొడుగాటి అరుగులు ఉత్తరాంధ్ర పల్లెకు గట్టి గుర్తు. గాలివానకు తట్టుకునే గుండ్రటి చుట్టిళ్ళు మరో గుర్తు. కోనసీమలో విడివిడిగా, దొడ్డితో, కొబ్బరితోట మధ్య నిలిచే ఇంటికీ వీటికీ పొత్తు కుదరదు. చెట్లను నమ్ముకోవడం మాత్రం ఇక్కడ ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ కొండలను బోడి చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస, సోంపేట ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలను పడగొట్టింది. గాలివాన రాకపోయినా చెట్టు శాశ్వతం కాదు: గోదావరి ఒడ్డున కుమారదేవంలో ఎన్నో సినిమాలకు వేదికై ‘సినిమా చెట్టు’గా పేరుపడిన నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయింది. అందుచేత ఫ్రేములో తాటితోపు కనిపించి, నేల మీద లేకపోతే ఆ చోటు కాదని కొట్టేయడానికి వీల్లేదు.

బెంగ్ట్‌సన్ వాడిన బీమా నక్షాల వంటివి మన ఊళ్ళకు లేవు. వాటి స్థానంలో పనికొచ్చేవి సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు, రెవెన్యూ సర్వే పుస్తకాలు, అమెరికా 1960 నుంచి 1972 దాకా తీసి 1995లో బయటపెట్టిన కరోనా ఉపగ్రహ చిత్రాలు. భీమిలి నుంచి భోగాపురం దాకా తీరంలో ఇసుక మేటలు, వాగుల మొగలు ఆ కాలంలో ఎలా ఉండేవో ఈ చివరివాటిలో తెలుస్తుంది. భోగాపురం విమానాశ్రయం, దాన్ని అంటిపెట్టుకుని వచ్చే రోడ్లు ఆ నేల రూపాన్ని మార్చేస్తున్న ఈ రోజుల్లో వాటి విలువ మరీ ఎక్కువ. కాగితం వైపు చూస్తే ‘విజయచిత్ర’, ‘సితార’, ‘జ్యోతిచిత్ర’ వంటి సినిమా పత్రికల ఔట్‌డోర్ వార్తలు, సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, స్టిల్ ఫోటోలు ఉన్నాయి.

కాగితాలు చదివేటప్పుడు జిల్లాల పేర్ల దగ్గర ఆగి ఆలోచించాలి. 1950 ఆగస్టులో విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం విడిపోయింది. 1979 జూన్ 1న ఆ రెండింటి నుంచి విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. అంటే 1978 నాటి పత్రికలో విశాఖ జిల్లాలో షూటింగు అని ఉంటే అది భీమిలి కావచ్చు, విజయనగరం కావచ్చు, అరకు కూడా కావచ్చు. అదే కాలంలో బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాయి. చింతపల్లి ఇప్పుడు, అక్కడ తీసిన సినిమా కథానాయకుడి పేరే పెట్టుకున్న జిల్లాలో ఉంది. ‘శ్రీకాకుళాంధ్ర మహావిష్ణు కథ’ (1962) పేరు చూసి దాన్ని ఇటువైపు లెక్కలో వేసేవారు మరో పొరపాటు చేస్తున్నారు. ఆ శ్రీకాకుళం కృష్ణాజిల్లాలోది.

ఇంత తతంగం ఎందుకు, ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితే చాలదా అన్నది రెండో ఆక్షేపణ. అడగాలి, తప్పకుండా అడగాలి. కాని వారి జ్ఞాపకం చెప్పేది షూటింగు గురించి, సినిమా గురించి కాదు. యూనిట్ వచ్చి మూడు రోజులు తీసిన సన్నివేశం ఎడిటింగులో ఎగిరిపోయి ఉండొచ్చు. రెండు సినిమాల సంఘటనలు ఒకే కథగా అల్లుకుని ఉండొచ్చు. పెద్ద నటుడు వచ్చాడన్న గొప్ప ఒక ఊరి నుంచి పక్క ఊరికి పాకడం కూడా ఉన్నదే. అందుచేత నోటిమాట వెతకాల్సిన దిక్కు చూపించడానికి సరిపోతుంది, తీర్పు చెప్పడానికి చాలదు. కొండ అంచు, నీడ దిశ, స్థిరమైన ఒక కట్టడం, ఈ మూడింటిలో కనీసం రెండు కలిసినప్పుడే స్థలం తేలిందనాలి.

మూడో ఆక్షేపణ మరింత బలమైనది. సినిమా అబద్ధాల పుట్ట; ఒక ఊరి వీధిలో బయలుదేరిన పాత్ర మరో ఊరి చెరువు గట్టున తేలుతుంది; ఇలాంటిదాన్ని నమ్మి నేల చరిత్ర రాయొచ్చా? ‘పథేర్ పాంచాలి’లో కూడా పిల్లలు రైలును చూసే రెల్లుపొలం బొరాల్‌లోది కాదు, దూరాన బర్ద్వాన్ జిల్లాలోని పాల్సిట్‌ది. కాని ఈ అబద్ధం రెండు షాట్ల మధ్య ఉన్న అతుకులోదే. ఔట్‌డోర్‌లో తీసిన ఒక్కొక్క షాట్ తన మట్టుకు తాను నిజమే: ఆ రోజున, ఆ వెలుతురులో, ఆ కటకం ముందు ఆ గోడ ఉంది. కనుక అన్వేషణకు ప్రమాణం సన్నివేశం కాకూడదు, షాట్ కావాలి. ‘ఈ సినిమా భీమిలిలో తీశారు’ అనే వాక్యానికి పెద్దగా విలువ లేదు. ఏ షాట్ ఎక్కడ, కెమెరా ఎటు తిరిగి ఉంది అని చెప్పగలిగినదే సమాచారం.

ఇదంతా అభిమానుల సరదా అని తీసిపారేసేవారికి విజయనగరమే జవాబు. ఊరి నడిబొడ్డున, ఒక కూడలికి తన పేరు ఇచ్చిన మూడు లాంతర్ల కట్టడాన్ని 2020 మే నెలలో తొలగించినప్పుడు ఊరు ఊరంతా గగ్గోలు పెట్టింది. రాజుల కట్టడాలకు ఫోటోలైనా ఉంటాయి. మామూలు వీధి, బస్సు ఆగే చోటు, చేపల రేవు, పెంకుటిళ్ళ వరస ఎవరూ పనిగట్టుకుని ఫోటో తీసినవి కావు. అవి నటుల వెనక, ఫోకస్‌కు అవతల, అనుకోకుండా మిగిలాయి. ఉత్తరాంధ్రలో అలాంటి చిత్రాలు తక్కువ కాబట్టే ఉన్న ప్రతి షాట్ లెక్కలోకి రావాలి. విశాఖ కంచరపాలెంలో అక్కడి మనుషులతోనే తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) రేపటి అన్వేషకుడికి పాత సినిమా అవుతుంది. ఆ వీధుల కొలతలు, తేదీలు ఇప్పుడు రాసుకోవడం సులువు, ముప్పై ఏళ్ళ తరువాత కాదు.

పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ప్రింట్లను, కాగితాలను దాస్తోంది. షూటింగు జరిగిన ఊళ్ళ జాబితా తయారుచేయడం దానివల్ల అయ్యే పని కాదు. అది జిల్లా గ్రంథాలయాలు, కళాశాలల చరిత్ర శాఖలు, స్థానిక సినిమా అభిమానులు చేయాల్సిన పని. ఈ జిల్లాల్లో ఔట్‌డోర్ యూనిట్లకు భోజనాలు పెట్టినవారు, బండ్లు తోలినవారు, గుంపులో నిలబడినవారు ఇంకా ఉన్నారు. వారి ఇళ్ళలో షూటింగు ఫోటో ఏదైనా ఉంటే, దాని వెనక ఊరు, అప్పటి తాలూకా, ఇప్పటి మండలం, సంవత్సరం, కెమెరా ఎటు చూస్తోందో పెన్సిలుతో రాయించి, ఒక నకలు దగ్గరలోని గ్రంథాలయంలో ఇవ్వండి.